ముందు కడగండి, తర్వాత కొనండి

రండి, కూర్చోండి. ఆ స్టూలు వద్దు, దాని మీద గేరాయిల్ ఒలికింది. ఈ కుర్చీ లాక్కోండి. నెగడుకి మరీ దగ్గరగా జరక్కండి, గాలి ఇటు తిరిగిందంటే ఆ పొగ చొక్కాకి పట్టి రెండు ఉతుకులైనా వదలదు. మంటలో ఏముందని చూస్తున్నారా? చేతక్ సైలెన్సర్. చలికాలం మా రాజురాలో వాకిట్లో నెగడు ఎలాగూ తప్పదు. ఉత్త చేతులే కాచుకోవడమెందుకు, దాని కడుపులో మసి కూడా కాలనీ అని పిడకల మధ్య పెట్టాను. ఇంట్లోవాళ్ల షరతు ఒక్కటే, ఆరేసిన బట్టలు లోపలికి తీశాకే వెలిగించాలని.

చేతక్ మీకు తెలియకపోదు. బజాజ్ వాళ్లు 1972లో తెచ్చారు. పేరు రాయించుకుని ఏళ్లతరబడి ఎదురుచూసినవాళ్లు, అల్లుడికి పెట్టే కట్నంలో దాన్ని అడిగించుకున్నవాళ్లు, అందరూ మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఇప్పుడదే స్కూటర్ భంగార్‌వాడి తూకం మీదికి ఎక్కుతోంది. నెగడులో సైలెన్సరున్న ఈ బండి కూడా అక్కడికే పోవలసింది. ఎక్కడో గ్యారేజీలో చూసి, "బోర్ పోయింది కాకా, పిస్టను, రింగులు, లేత్ పని అన్నీ కలిపితే బండి ఖరీదు దాటుతుంది" అన్నారట. చదును మీద నడుస్తుంది, ఎక్కుడు రాగానే మూలుగుతుంది, కాసేపటికి వేడెక్కి ఆగిపోతుంది. లక్షణాలు విన్న ఎవరైనా బోర్ మీదే అనుమానపడతారు.

సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ పోర్టులోకి టార్చి వేసి చూశాను. బొటనవేలు దూరాల్సిన చోట చిటికెనవేలు కూడా దూరలేదు. చుట్టూ మసి పొర మీద పొర కట్టి గట్టిపడిపోయింది. హెడ్డు ఎత్తితే బోర్ గోడల మీద హోనింగ్ గీతలు ఇంకా ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ కనబడుతూనే ఉన్నాయి. అరిగిన బోర్ నున్నగా మెరుస్తుంది, ఆ గీతలుండవు. బండికి ఊపిరి పీల్చడం వచ్చు, వదలడానికే దారి లేదు.

టూ-స్ట్రోక్ బండితో వచ్చే చిక్కే ఇది. పిస్టనుకీ క్రాంక్‌కీ కావలసిన నూనె పెట్రోల్లోనే కలిపి పోస్తాం. చేతక్‌కి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు చాలు. మనవాళ్ల చెయ్యి పెద్దది, "ఇంకాస్త పడితే ఇంజిన్‌కి మంచిదేగా" అని కొలతమూత పొర్లేదాకా ఒంపుతారు. ఎక్కువైన నూనె పూర్తిగా కాలదు. వేడిగా బయటికి పోతూ పోతూ పోర్టుకీ సైలెన్సర్ గోడలకీ అంటుకుంటుంది. యెజ్దీ, రాజ్‌దూత్‌ల సైలెన్సర్లయితే లోపలి గొట్టం ఊడదీసి గీకవచ్చు. చేతక్‌ది మూసేసిన డబ్బా, కాల్చడం తప్ప దారిలేదు. కాలి చల్లారాక చెక్కతో తట్టి తలకిందులు చేస్తే దోసిళ్ల కొద్దీ నల్లటి పెచ్చులు రాలతాయి.

ఈ రేకుల షెడ్డు కింద పాత ఇంజిన్లు విప్పీ విప్పీ నాకొక అభిప్రాయం కుదిరింది, దాని కోసం ఎవరితోనైనా వాదిస్తాను. మా వైపు చచ్చిందని మూల పడేసిన ఇంజిన్లలో చాలామటుకు అరిగిపోయినవి కావు, మూసుకుపోయినవి. కడగడమంటే రిపేరుకి ముందు కుర్రాడి చేత చేయించే చాకిరీ అని మిస్త్రీల లెక్క. చాలా బళ్లకి ఆ కడగడంతోనే రిపేరు అయిపోతుంది. కడగడానికి గ్యారేజీలో డబ్బులు పుట్టవు, సామాను మారిస్తే పుడతాయి. వాళ్లనీ తప్పుపట్టలేం, మూడు గంటలు బ్రష్షు పట్టుకుని కూర్చుంటే ఎవరిస్తారు కూలి? అందుకే ఇది ఇంట్లో తీరిక ఉన్నవాడి పని అంటాను.

మా ఊరి గాలి సంగతి వేరే చెప్పాలా? వర్ధా నదికి అవతల బల్లార్పూర్ పేపర్ మిల్లు. ఇవతల సాస్తీ, పౌనీ, గౌరీ బొగ్గు గనులు. గడ్‌చాందూర్ రోడ్డు పట్టుకుంటే సిమెంటు ఫ్యాక్టరీలు. టిప్పర్ వెనకాల స్కూటర్ మీద వెళ్లి వచ్చాక ముక్కు తుడుచుకుంటే రుమాలు చెబుతుంది మిగతా కథ. అందరూ బొగ్గుని తిడతారు కానీ బొగ్గు మెత్తది, ఇంజిన్ని అంతగా గీకదు. గీకేది గని పైమట్టితోనూ రోడ్డు దుమ్ముతోనూ కలిసి వచ్చే ఇసుక రేణువు. సిమెంటు దుమ్ము దారి వేరు, తేమ తగిలిన చోటే బిగుసుకుంటుంది.

చేతక్ ఇంజిన్ ఎదురుగాలికి చల్లబడేది కాదు. మాగ్నెట్ చక్రం మీదే ఫ్యాను రెక్కలుంటాయి; అవి ఊదిన గాలి రేకు తొడుగు లోపలినుంచి వెళ్లి సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల్ని చల్లార్చాలి. ఆ తొడుగు విప్పినవాళ్లు ఎంతమంది? బయట బండిని షాంపూ పెట్టి తళతళా తోముతారు. తొడుగు తీసి చూస్తే రెక్కల సందుల్లో నూనె, దుమ్ము కలిసి కరుడుకట్టి ఒక్క సందూ కనబడదు. మే నెలలో చంద్రపూర్ జిల్లాలో ఎండ 47, 48 డిగ్రీలకి పోతుంది. పైన ఆ ఎండ, లోపల ఈ దుప్పటి. పిస్టను పట్టేయక ఏం చేస్తుంది?

ఇంకో సంగతుంది, ఇది వెస్పా వంశం నుంచి వచ్చిన ఏర్పాటు. కార్బొరేటర్ నుంచి వచ్చే పెట్రోలు గాలిని ఎప్పుడు లోపలికి వదలాలో, ఎప్పుడు ఆపాలో క్రాంక్ బిళ్ల అంచే చూసుకుంటుంది, వేరే వాల్వు లేదు. ఆ బిళ్లకీ క్రాంక్‌కేసుకీ మధ్య సందు వెంట్రుక మందమంత కూడా ఉండదు. ఎయిర్ ఫిల్టర్ లేకుండా నడిపితే ఇసుక నేరుగా వెళ్లి అక్కడ గీతలు పెడుతుంది, తర్వాత కేసే మార్చుకోవాలి. "ఫిల్టర్ తీసేస్తే పికప్ పెరుగుతుంది" అని సలహా ఇచ్చే కుర్రాళ్లని నేను షెడ్డులోకి రానివ్వను. ఫిల్టర్‌లో ఉన్నదల్లా ఇనుప జాలీ. పెట్రోల్లో ముంచి, దులిపి, ఆరబెడితే కొత్తదే.

ఇక కడిగే తీరు. విప్పకముందే బయట కడగాలి. కార్బొరేటర్, సైలెన్సర్ ఊడదీసిన కంతల్లో గుడ్డలు కుక్కి, డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో రుద్ది, తర్వాత సబ్బునీళ్లు. ఒకప్పుడు రేషన్ కిరోసిన్ ఉండేది, దానంత చక్కగా జిడ్డు వదిలించేది మరోటి లేదు. ఇప్పుడది దొరకడం గగనం. పెట్రోలుతో కడిగేవాళ్లూ ఉన్నారు, మూసిన గదిలో, బీడీ వెలిగించిన మనిషి పక్కన. వాళ్ల గురించి నేనేమీ అనను. కాస్టిక్ సోడా వేడినీళ్లలో వేసి ఇనుప సామాను నానబెడితే మసి, జిడ్డు దానంతటదే ఊడుతుంది. కానీ అల్యూమినియం సామాను అందులో వేశారా, బుసబుసా పొంగి మెటల్నే తినేస్తుంది. హెడ్డు, పిస్టను, క్రాంక్‌కేసు అన్నీ అల్యూమినియం జాతే, కార్బొరేటర్‌నీ అందులో వేయొద్దు. వాటికి డీజిలు, ఓపిక, వెదురుబద్ద. పిస్టను తల మీది మసిని స్క్రూడ్రైవర్‌తో గీకితే పడిన గీతలోనే మళ్లీ మసి ముందుగా అంటుకుంటుంది. వెదురుబద్ద చెక్కి గీకితే మసి వస్తుంది, మెటల్ ఉంటుంది.

విప్పిన బోల్టులు ఎక్కడ పెడతారు? మిస్త్రీలు అన్నీ ఒకే తట్టలో వేస్తారు, వాళ్లకి చేతివాటం ఉంది కాబట్టి చెల్లుతుంది. నా దగ్గర పాత ఇడ్లీ రేకులున్నాయి. మొదటి గుంటలో తొడుగు స్క్రూలు, రెండో దాంట్లో హెడ్డు నట్లు, మూడో దాంట్లో మాగ్నెట్ ప్లేటువి, అలా విప్పిన వరసలో పెట్టుకుంటూ పోతే బిగించేటప్పుడు వెనకనుంచి వస్తే సరి. గుంత పొంగనాల పెనం ఇంకా మేలు, గుంటలు లోతు. కాకపోతే అది వంటింట్లో ఇంకా పనిలో ఉంది, దాని మీద కన్నేయొద్దని ఇప్పటికే గట్టిగా చెప్పేశారు.

మీ చేతిలో ఉన్నది ఇలా ఇవ్వండి, చూపిస్తాను. ఇది కార్బొరేటర్. ఈ గిన్నెలో అడుగున జిగురు చూశారా, గోధుమరంగులో? నిలవున్న పెట్రోలు ఆవిరైపోగా మిగిలింది అదే. బండి ఎండాకాలమంతా కదలకుండా నిలబడితే చాలు, ఇది తయారవుతుంది. ఇదిగో, ఈ ఇత్తడి పుల్ల చిన్న జెట్. దీని మీద అంకె కళ్లజోడు పెట్టుకుంటే కనబడుతుంది. ఈ జాతి కార్బొరేటర్లలో ఆ అంకె రంధ్రం వెడల్పు, మిల్లీమీటరులో నూరోవంతుల లెక్కన. 42 అని ఉంటే 0.42 మిల్లీమీటర్లు. అందులో నలుసంత జిగురు చేరినా బండి స్టార్టై వెంటనే ఆరిపోతుంది. మనవాళ్లు గుండుసూది పెట్టి పొడుస్తారు. ఇత్తడి మెత్తది, సూది ఉక్కు. రంధ్రం పెద్దదైపోయి ఆ తర్వాత బండి జన్మంతా పెట్రోలు తాగుతుంది. కరెంటు వైరు చీలిస్తే లోపల రాగి పోగులుంటాయి కదా, అందులో ఒక్క పోగు తీసి మెల్లగా దూర్చి, సైకిల్ పంపుతో ఊదండి. వెలుగుకి పట్టుకుని చూస్తే గుండ్రంగా చుక్క కనబడాలి. అంచు వంకరగా ఉందంటే ఇంకా మిగిలిందని. ఆ, కనబడుతోందా? ఇప్పుడు శుభ్రం.

పెట్రోలు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 2023 ఫిబ్రవరిలో నూటికి 20 వంతుల ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది, 2025కల్లా దేశమంతటా అదే. కొత్త బళ్లని దానికి తగ్గట్టే చేస్తున్నారు. పాతవాటికి మూడు చిక్కులు: ఇథనాల్ గాలిలో తేమని లాగుతుంది, పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బిస్తుంది, ట్యాంకులో ఏళ్లుగా పట్టిన జిగురుని కరిగించి తెచ్చి జెట్లో పెడుతుంది. పాత బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు ట్యాంకు ముందు కడగాలి. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, వేడినీళ్లలో కలిపి పోసి ఒక రాత్రి ఉంచితే తుప్పు వదులుతుంది. దాన్ని ఒంపేసి సోడా ఉప్పు నీళ్లతో తొలిచి, ఎండలో ఆరీ ఆరకముందే లోపల కాస్త నూనె తిప్పాలి. తీరిగ్గా భోంచేసి వచ్చి చేద్దామనుకుంటే అప్పటికే ఎర్రగా కొత్త తుప్పు పట్టేసి ఉంటుంది.

వానాకాలం ఇంకో రకం రోగులు వస్తారు. వర్ధా పొంగితే బల్లార్పూర్ వైపు వంతెన మీద రాకపోకలు ఆగిపోతాయి. 2022 జూలై వరదలు మా వైపు ఎవరూ మర్చిపోలేదు. నీళ్లలో మునిగిన బండిని ఇంటికి తోసుకొచ్చి మొదట చేసే పని ఏమిటి? కిక్కు కొట్టడం! గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్ నిండా నీళ్లుంటే పిస్టను పైకి రాలేదు, బలమంతా కనెక్టింగ్ రాడ్డు మీద పడి అది వంగుతుంది. వరద పాడుచేయని ఇంజిన్ని కాలు పాడుచేస్తుంది. ప్లగ్గు తీయండి, బండిని వంచి నీళ్లు కారనివ్వండి, కిక్ రాడ్డుని చేత్తో నెమ్మదిగా తిప్పండి. గేరాయిల్ ఒంపితే పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంది. కొత్తది పోసి, కాస్త నడిపి, దాన్నీ ఒంపేసి మళ్లీ పోయాలి. మాగ్నెట్ మూత తీసి పాయింట్లు ఆరబెట్టాలి. ఒండ్రు లోపలికి పోయి ఉంటే మాత్రం పూర్తిగా విప్పాల్సిందే, అడ్డదారి లేదు.

పట్టేసిన పిస్టనుకీ ఇదే ఓర్పు కావాలి. జివతి కొండల వైపు నుంచి రాజ్‌దూత్‌లు వస్తుంటాయి, పశువుల పాకలో ఏళ్లకేళ్లు నిలబడినవి. ప్లగ్గు కంతలోంచి డీజిలు, ఇంజినాయిల్ సగం సగం కలిపి పోసి వదిలేయాలి. మర్నాడు ఇంకాస్త. తర్వాత టాప్ గేరు వేసి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఆడించాలి. కదలకపోతే ఇంకో రెండ్రోజులు. చెక్క పెట్టి సుత్తితో కొట్టేవాడు గంటలో తేల్చేస్తాడు, పిస్టను కూడా తేలిపోతుంది.

అన్నిటికీ కడగడమే మందంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. కనెక్టింగ్ రాడ్డుని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ లాగితే టిక్కుమని ఆడిందా, బేరింగ్ పోయినట్టే. పక్కలకి కొంచెం ఆడితే ఫరవాలేదు, అది ఉండాల్సిందే. బయట ఎక్కడా కారకుండా గేరాయిల్ తగ్గిపోతూ, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందంటే క్లచ్ వైపు ఆయిల్ సీలు చిరిగి ఇంజిన్ గేరాయిల్ తాగుతోంది. యాక్సిలరేటర్ వదిలినా రేసు దిగకపోతే మాగ్నెట్ వైపు సీలు చూడండి, గాలి లాగుతోంది. రెండూ అరచేతిలో పట్టే రబ్బరు చక్రాలు. వాటిని మార్చకుండా కొత్త పిస్టను వేయించుకున్నవాళ్లు మళ్లీ అదే పొగతో తిరిగొస్తారు. నిజంగా అరిగిన బోర్‌కి లేత్‌వాడే దిక్కు. సామాను నాగపూర్‌లో దొరక్కపోతే హైదరాబాద్ పుత్లీబౌలికి ఎవరైనా వెళ్తున్నారా అని ఆరా తీయడం మా అలవాటు. నంబరు రాసివ్వడం కాదు, పాత ముక్కనే చేతికిచ్చి పంపాలి.

హైదరాబాద్ అనగానే మా పెద్దలకి ఓ ఊపు. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. మొదట బొంబాయి రాష్ట్రంలో నాందేడ్ జిల్లాకి, 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాకి మారింది. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు మేము ఆ రాజ్యంలో జనమే. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్‌లో ఇంకా ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి పసుపు రంగు రోల్స్ రాయిస్ కూడా ఉంది, వందేళ్లు దాటిన బండి, తిరిగింది మాత్రం కొన్ని వందల మైళ్లే. చూడ్డానికి వెళ్లినవాళ్లంతా రోల్స్ రాయిస్ ముందు నిలబడి ఫొటో దిగుతారు. నా ఓటు ఆల్బియన్‌కే, జనాన్ని మోసిన ఇంజిన్ అది.

ఇంట్లో ఇంజిన్ విప్పే పిచ్చి మనవాళ్లకి కొత్త కాదు. కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు 1893లో పుట్టారు, తెలుగు కుటుంబం బిడ్డ. రైతుబిడ్డగా ఉన్న రోజుల్లో ఓ ఇంగ్లీషు రెవెన్యూ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ చూసి మనసు పారేసుకున్నాడు. హోటల్లో సర్వర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండినే కొన్నాడు. కొని ఊరేగలేదు, ఇంటికి తెచ్చి మొత్తం విప్పేసి మళ్లీ బిగించాడు. చేతిలో పుస్తకం లేదు, పక్కన గురువూ లేడు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని మధ్య మొదలుపెట్టినవాడు తర్వాత వందల బస్సుల యజమాని అయ్యాడు, 1937లో మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారు తయారుచేయించాడు. ఈయన కథ చెప్పేవాళ్లంతా బస్సుల దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ మోటార్ సైకిల్ ముక్కలన్నీ నేలమీద పరిచి ఉన్న పూట ఎలా గడిచిందో తెలుసుకోవాలని ఉంటుంది. తిండికి లేవమని ఎవరు పిలిచారో, ఎన్నిసార్లు పిలిచారో.

టీ వచ్చింది, తాగండి. చేతులు కడుక్కున్నాకే సుమా! వాడేసిన ఇంజినాయిల్ చర్మానికి మంచిది కాదు, మురుగు కాలువలో ఒంపితే అంతకంటే చెడ్డది. డబ్బాల్లో పోసి భంగార్‌వాడికే ఇస్తాను. పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్ల దుమ్ము మాత్రం ఊదకండి. అప్పటివాటిలో ఆస్‌బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవాలి.

ఇక మీ బండి సంగతి. మీ మామగారు ఆసిఫాబాద్ నుంచి పంపిన చేతక్, తాటిపత్రి కింద ఉందన్నారు కదా. కిక్కు కొట్టకండి, మీ చిన్నవాణ్ణి కూడా కొట్టనివ్వకండి. ట్యాంకులో పెట్రోలు ఉంటే ఒంపేయండి. ప్లగ్గు ఊడదీసి కాగితంలో చుట్టి నా దగ్గరికి పట్రండి, దాని మూతి రంగు చూస్తే సగం జాతకం తెలుస్తుంది: ఇటుకరంగైతే ఆరోగ్యం, తడి నలుపైతే నూనె ఎక్కువ, తెల్లగా పాలిపోయి ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. మళ్లీ వేసేటప్పుడు గ్యాప్‌కి గేజ్ లేకపోతే హాక్సా బ్లేడు దూర్చి చూసుకోవచ్చు, మందం ఇంచుమించు సరిపోతుంది.

ఇంజిన్ నేను చూసుకుంటాను కానీ అంతకంటే ముందు ఆర్‌సీ పుస్తకం వెతకండి. ఏపీ 01 నంబరు బండి అంటున్నారు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ ఎంహెచ్ 34 నంబరు వేయించాలి. పదిహేనేళ్లు దాటిన స్కూటర్‌కి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 300 రూపాయలు కాదు, 1000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 2000 చేశారు. యాభై ఏళ్లు నిండితే వింటేజ్ కింద వేరే నంబరిస్తారట, దానికి 20,000 కట్టాలి, పైగా రోజూ తిరగడానికి పనికిరాదు. మీది అంత ముసలిది కాదులెండి. పుస్తకం దొరక్కపోతే మీ మామగారికి ఈ రాత్రే ఫోన్ చేయండి. వాళ్లింట్లో సంక్రాంతికి పాత పెట్టెలన్నీ సర్దేస్తారు, తర్వాత వెతకడం ఎవరి వల్లా కాదు.